ఒక గది, ఒక భయం: చిన్న కథ నుంచి సినిమా దాకా

మంచం పట్టిన అమ్మమ్మ ఒక గదిలో, పదకొండేళ్ల మనవడు ఇంకో గదిలో. ఆటలో కాలు విరగ్గొట్టుకున్న అన్న కోసం తల్లి ఆసుపత్రికి పరుగెత్తింది. అమ్మమ్మ నిద్ర లేస్తే టీ ఇవ్వాలి. పిల్లవాడికి అప్పగించిన పని అంతే. అమెరికన్ రచయిత స్టీఫెన్ కింగ్ 1984లో ప్రచురించిన 'గ్రామ్మా' కథకు ఉన్న సరంజామా ఇదే: ఒక ఇల్లు, ఇద్దరు మనుషులు, ఒక పూట. అమ్మమ్మ మామూలు మనిషి కాదన్న అనుమానం పిల్లవాడి మనసులో గింజలా పడి, కథ ముగిసేసరికి మానై నిలబడుతుంది.

మరాఠీలో భయానక కథలకు పెట్టింది పేరు నారాయణ్ ధారప్. ఆయన 'ఆజీ' కథకు కింగ్ కథే ప్రేరణ అని చెబుతారు. 1993లో మహారాష్ట్రలోని నాగ్‌ఝిరా అభయారణ్యంలో ఒక స్నేహితుడు ధారప్ కథను చెబుతుంటే రాహీ అనిల్ బర్వే అనే కుర్రాడు విన్నాడు. ఆ భయం అతన్ని వదల్లేదు. పాతికేళ్ల తర్వాత, 2018 అక్టోబర్ 12న, అదే 'తుంబాడ్' అనే హిందీ సినిమాగా థియేటర్లకు వచ్చింది. చిన్న భయానక కథను ఇండిపెండెంట్ థ్రిల్లర్‌గా మలచాలనుకునేవారికి మన దేశంలో ఇంతకన్నా మంచి పాఠం దొరకదు. అందుకే ఈ అధ్యాయం ఎక్కువగా ఆ ఒక్క సినిమా చుట్టూనే తిరుగుతుంది.

కథలో నుంచి తీసుకోవలసింది

బర్వే ఆ కథను మొదట చదవలేదు, విన్నాడు. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ చిన్నది కాదు. చదివిన కథలో వాక్యాలు గుర్తుంటాయి, వర్ణన గుర్తుంటుంది, రచయిత గొంతు గుర్తుంటుంది. అవన్నీ అచ్చులో అందమైనవే, వాటిలో చాలా భాగం కెమెరా ముందుకు రాదు. చెవిన పడిన కథలో మాత్రం భయపెట్టినదొక్కటే మిగులుతుంది. పేర్లు పోతాయి, ఊళ్లు పోతాయి. నిద్రపోతున్న ముసలమ్మ, ఆమె లేస్తుందేమోనని బిక్కుబిక్కుమంటూ కూర్చున్న పిల్లవాడు, ఈ రెండే ఉండిపోతాయి.

కథను సినిమాగా తీయాలనుకునేవారు చేయవలసిన మొదటి పని కూడా ఇదే. కథను ఒకసారి చదివి పక్కన పెట్టాలి. వారం పది రోజులు పోనిచ్చి, పుస్తకం తెరవకుండా దాన్ని ఎవరికైనా నోటితో చెప్పాలి. చెబుతున్నప్పుడు వినేవారి ముఖం చూడాలి. ఎక్కడ వాళ్లు కాళ్లు పైకి ముడుచుకుని కూర్చుంటారో, ఎక్కడ మధ్యలో అడ్డుతగిలి ప్రశ్న వేయడం మానేస్తారో అక్కడే కథ ప్రాణం ఉంది. ముగ్గురు నలుగురికి చెప్పాక ఆ చోటు ఒక్కటేనని తేలితే, దాన్ని ఒకే వాక్యంగా కాగితం మీద రాసుకోవాలి. ఆ వాక్యం రాయలేకపోతే ఆ కథ ఇంకా సినిమాకు సిద్ధంగా లేదని అర్థం. కథ గొప్పదే కావచ్చు. తీయబోయే మనిషికి అది ఇంకా అందలేదు.

హక్కులు, అగ్రిమెంటు

కథ మనసుకు పట్టగానే స్క్రీన్‌ప్లేకు కూర్చోవడం చాలామంది కొత్తవాళ్లు చేసే పొరపాటు. ముందు అడగవలసింది, ఆ కథ ఎవరిది అని. భారత కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం రచనపై హక్కు రచయిత జీవితకాలం, ఆ తర్వాత మరో 60 ఏళ్లు ఉంటుంది. ఆ 60 ఏళ్లనూ రచయిత మరణించిన మరుసటి జనవరి నుంచి లెక్కిస్తారు. ధారప్ 2008లో కన్నుమూశారు కాబట్టి ఆయన కథలకు 2068 చివరిదాకా రక్షణ ఉన్నట్టే. 1943లో మరణించిన ఆంగ్ల రచయిత డబ్ల్యు.డబ్ల్యు. జేకబ్స్ రాసిన 'ది మంకీస్ పా' లాంటి కథలు మన దేశంలో ఇప్పుడు అందరివీ. అనుమతి దొరక్క ఆగిపోయినవారు చేయి తిరగడానికి అలాంటి కథలతో మొదలుపెట్టవచ్చు.

హక్కుల బదిలీ గురించి చట్టంలోని 19వ సెక్షన్‌ను సినిమా తీసే ప్రతివారూ ఒకసారి చదవాలి. బదిలీ రాతపూర్వకంగా ఉండాలి, ఇచ్చేవారి సంతకం ఉండాలి. ఎన్నేళ్లకు ఇస్తున్నారో రాయకపోతే ఐదేళ్లకే ఇచ్చినట్టు. ఏ ప్రాంతానికి ఇస్తున్నారో రాయకపోతే భారతదేశం వరకే. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది: ఒప్పందంలో వేరే మాట లేకపోతే, తీసుకున్న హక్కును ఏడాదిలోగా వాడుకోనివారికి అది చేజారుతుంది. డబ్బు కూడగట్టుకుంటూ, ఆగుతూ సాగుతూ తీసే ఇండిపెండెంట్ సినిమాకు ఏడాది అంటే కన్నుమూసి తెరిచేంత కాలం. గడువు ఎంతో అంకెల్లో రాయించుకోవాలి. నోటిమాట మీద, స్నేహం మీద నడిపిన వ్యవహారం ఎంత మంచి మనుషుల మధ్యనైనా చివరికి చెడుతుంది.

కేవలం ఐడియా మీద కాపీరైట్ ఉండదని సుప్రీంకోర్టు 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో చెప్పింది. 'న్యూ ఢిల్లీ' అనే హిందీ సినిమా తన నాటకానికి కాపీ అని ఒక నాటక రచయిత వేసిన దావా అది. రెండూ చూసిన మనిషికి ఇది దానికి నకలే అన్న అభిప్రాయం గట్టిగా కలుగుతుందా అన్నదే అక్కడ కొలబద్ద. ఈ తీర్పును అడ్డం పెట్టుకుని పక్కవాడి కథను పేర్లు మార్చి తీసేయడం తెలివి అనిపించుకోదు. కథ ఇచ్చిన మనిషిని వెతుక్కుంటూ వెళ్లి, ఆయన ఎదుట కూర్చుని అడగడంలోనే కథ మీద గౌరవం ఉంది. రచయితలు సాధారణంగా కోరేదీ అదే.

కింగ్ ఈ విషయంలో ఒక మంచి దారి చూపాడు. తన చిన్న కథల్ని విద్యార్థులు, కొత్త దర్శకులు ఒక్క డాలర్‌కు హక్కు తీసుకుని సినిమాలుగా మలచుకోవచ్చని, వ్యాపారానికి మాత్రం వాడకూడదని ఆయన 1970లలో పెట్టుకున్న ఏర్పాటు 2023 చివరిదాకా నడిచింది. అలా తీసిన సినిమాలను 'డాలర్ బేబీ' అని ముద్దుగా పిలిచేవారు. ఆ దారిన వచ్చినవారిలో ఫ్రాంక్ డరబాంట్ ఒకడు. 1983లో 'ది వుమన్ ఇన్ ది రూమ్' అనే పొట్టి సినిమాతో మొదలై, 1994లో అదే రచయిత రచనతో 'ది షాషాంక్ రిడెంప్షన్', 2007లో 'ది మిస్ట్' తీశాడు. డాలర్‌తో మొదలైన పరిచయం పాతికేళ్లు సాగింది.

'ఎందుకు' అన్న ప్రశ్న

చిన్న కథను చదవడానికి అరగంట చాలు. సినిమాకు గంటన్నరపైన కావాలి. ఈ తేడాను ఎలా పూడ్చాలన్నదే అసలు కష్టం. 'గ్రామ్మా' కథకే జరిగిన రెండు ప్రయత్నాలు దీన్ని చక్కగా చూపిస్తాయి. 1986లో అమెరికన్ టీవీ సీరీస్ 'ది ట్విలైట్ జోన్' దాన్ని గంట ఎపిసోడ్‌లో ఒక ముక్కగా తీసింది. హార్లన్ ఎలిసన్ స్క్రిప్ట్ రాశాడు. కథ పొడవుకు తగ్గ నిడివి కాబట్టి భయం చెదరలేదు. 2014లో అదే కథ 'మెర్సీ' పేరుతో పూర్తి నిడివి సినిమాగా వచ్చింది. అమ్మమ్మకు పూర్వకథ, ఇంటికి శాపం, పుస్తకం, పాత రహస్యాలు అంటూ అటూ ఇటూ పేర్చారు. పేర్చిన ప్రతి దానితోనూ ఆ గదిలోని భయం కాస్త పలచబడింది. చివరికి ఆ సినిమా నేరుగా డిజిటల్‌లో విడుదలైంది.

'తుంబాడ్' కూడా కథకు ఎన్నో కలిపింది, నిజానికి 'మెర్సీ' కన్నా ఎక్కువే కలిపింది. అయినా అక్కడ భయం పెరిగింది. కారణం, కలిపినవన్నీ ఒకే ప్రశ్నకు జవాబుగా వచ్చాయి. ఆ ముసలమ్మ ఎందుకలా అయింది? ఈ ఒక్క 'ఎందుకు'ను పట్టుకుని రచయితలు వెనక్కి తవ్వుకుంటూ పోయారు. జవాబుగా దొరికింది ఆశ, అంతులేని బంగారం మీద ఆశ. సినిమాలోని పురాణం ప్రకారం సంపదల దేవత తొలి సంతానం హస్తర్. బంగారం దక్కించుకున్నాక తిండిగింజల కోసమూ చెయ్యి చాచాడు. మిగతా దేవతలు విరుచుకుపడితే తల్లి తన గర్భంలో దాచింది. అతన్ని ఎవరూ పూజించకూడదన్నది కట్టడి. తుంబాడ్‌లోని ఒక కుటుంబం ఆ కట్టడిని దాటి గుడి కట్టింది. అప్పటినుంచి ఊరి మీద వాన ఆగదు.

ఈ పురాణం ఏ గ్రంథంలోనూ లేదు, సినిమా కోసం అల్లినదే. అయినా చూసేవారికి ఎప్పుడో ఎవరో చెప్పగా విన్నట్టే ఉంటుంది. ఆ నమ్మకం కుదరడానికి కారణం, ఇంటింటా తెలిసిన ఒక మాటను తిరగేసి వాడుకోవడం. పడుకోకపోతే బూచాడొస్తాడని పెద్దవాళ్లు పిల్లల్ని బెదిరించని ఇల్లు ఉండదు. 'తుంబాడ్'లో బెదిరించవలసినవాడు పిల్లవాడు, పడుకోవలసింది ముసలమ్మ. గొలుసులతో కట్టేసి ఉన్న ఆమె ముందు నిలబడి, పడుకోకపోతే హస్తర్ వస్తాడని కుర్రాడు వినాయక్ చెప్పాలి. ఆ పేరు వినగానే ఆమె నిద్రలోకి జారుతుంది. కంగారులో ఆ పేరే నోటికి రాకపోతే? తెలిసిన మాటను తలకిందులు చేస్తే ఎంత భయం పుడుతుందో ఈ ఒక్క సన్నివేశం చాలు చెప్పడానికి. తమ్ముడు చెట్టు మీద నుంచి పడటం, తల్లి అతన్ని తీసుకుని వెళ్లడం, అన్న ఒంటరిగా మిగలడం, ఇవన్నీ కింగ్ కథలోని ఆ పూటను గుర్తుచేసేవే.

ఇంకో గట్టి నిర్ణయం ఏమిటంటే, మూలకథలోని ఆ పూటను సినిమా తన మొదటి భాగంలోనే ఖర్చుపెట్టేస్తుంది. సినిమా 1918లో మొదలై, 1933కు, ఆపైన 1947కు వెళుతుంది. నిడివి 104 నిమిషాలు. కథను సాగదీసి 104 నిమిషాలు చేయలేదు. కథ ముగిసిన చోట వినాయక్ జీవితాన్ని మొదలుపెట్టారు. ముసలమ్మను చూసి వణికిన పిల్లవాడే పెద్దయ్యాక ఆమె దగ్గరికే తిరిగి వచ్చి, నిధి దారి చెప్పమని అడుగుతాడు. అప్పటికి ఆమె దేహంలోంచి చెట్టు మొలిచి ఉంటుంది, ప్రాణం మాత్రం పోదు. మూడో భాగంలో ఆ ఆశ అతని కొడుకు పాండురంగ్‌కు వారసత్వంగా దిగుతుంది. చిన్న కథను పెంచాలంటే పక్కలకు కాకుండా కాలంలో ముందుకు పెంచవచ్చని చూపిన తీరు ఇది.

కనిపించేలా మార్చడం

అచ్చులో భయం చాలావరకు మనిషి తలలో జరుగుతుంది. కింగ్ కథ నిండా పిల్లవాడి ఆలోచనలే. కెమెరా ఆలోచనను తీయలేదు. ఒక వస్తువును, ఒక కదలికను, ఒక రంగును తీస్తుంది. దీన్ని అర్థం చేసుకోవడానికి డాఫ్నీ డు మోరియే 1971లో పుస్తకంగా తెచ్చిన 'డోంట్ లుక్ నౌ' కథను, నికొలస్ రోగ్ 1973లో తీసిన సినిమాను పక్కపక్కన పెట్టి చూడాలి. కథలో దంపతుల కూతురు మెదడు పొరల వాపు జబ్బుతో చనిపోయింది. అది జరిగిపోయిన విషయంగా తెలుస్తుంది. సినిమాలో ఆ పాప ఎర్రటి వానకోటు వేసుకుని ఇంటి తోటలోని చెరువులో మునిగిపోతుంది. ఆ తర్వాత వెనిస్ సందుల్లో ఎర్రగా ఏది కదిలినా, ఎక్కడ నీళ్లు మెరిసినా తండ్రికీ ప్రేక్షకుడికీ ఒకేసారి గుండె ఝల్లుమంటుంది. కథలో ఆ జంట విహారానికి వచ్చినవాళ్లు. సినిమాలో తండ్రి అక్కడి పాత చర్చిని బాగుచేసే పనిలో ఉంటాడు. ఒక్క మార్పుతో అతను ఆ ఊరు విడిచి వెళ్లకపోవడానికి కారణం దొరికింది. మూలం మీద భక్తి అంటే ప్రతి వివరాన్నీ మోయడం కాదని ఆ సినిమా చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

'తుంబాడ్'లో ఆ పని పిండి చేసింది. హస్తర్‌కు బంగారం ఉంది, తిండి లేదు. గింజ అతనికి నిషిద్ధం, అదే అతని ఆకలి. వినాయక్ బావిలోకి తాడు మీద దిగుతాడు. కింద ఎర్రగా, తడిగా, ప్రాణమున్నట్టు కదిలే దేవత గర్భం. చుట్టూ పిండితో వలయం గీసుకుంటాడు. పిండి ముద్దతో చేసిన బొమ్మను విసురుతాడు. హస్తర్ ఆ బొమ్మ మీద పడినంతసేపే వ్యవధి. ఆలోగా అతని గోచీలోంచి రాలిన నాణేలు ఏరుకుని తాడెక్కి బయటపడాలి. ఆ కాసేపట్లో చేతికి దక్కేవి కొన్నే. అందుకే మళ్లీ మళ్లీ రావాలి. చపాతీకి కలిపే పిండి ముద్ద లాంటిదే ప్రాణానికి అడ్డుగా నిలబడటం చూస్తే ఎవరికైనా ఒళ్లు జలదరిస్తుంది. ఈ నియమాలు ఎవరూ కూర్చుని వివరించరు, చేస్తుండగా కంటికి తెలిసిపోతాయి. చివర్లో ఎక్కువ బొమ్మలు పట్టుకెళితే ఎక్కువ బంగారం వస్తుందని తండ్రీకొడుకులు వేసుకున్న లెక్క అదే నియమంలోంచి పుట్టి, అదే నియమంతో తిరగబడుతుంది.

ఒక భయానికి రెండు మూడు నియమాలకు మించి ఉండకూడదు. నాలుగోది వచ్చిందంటే ప్రేక్షకుడు భయపడటం మాని లెక్కలు వేసుకుంటాడు.

తక్కువలో ఎక్కువ

ఇండిపెండెంట్ సినిమా అంటే వెనక పెద్ద స్టూడియో లేని సినిమా. 'తుంబాడ్'కు నిర్మాతల్లో ఒకడు, కథానాయకుడు కూడా అయిన సోహమ్ షా. అంతకుముందు ఆనంద్ గాంధీ దర్శకత్వంలో వచ్చిన 'షిప్ ఆఫ్ థీసియస్' వెనక ఉన్నదీ ఆయనే. ఛాయాగ్రాహకుడు పంకజ్ కుమార్ ఆ సినిమాకూ పనిచేశాడు. ఆనంద్ గాంధీ ఇక్కడ క్రియేటివ్ డైరెక్టర్. అంటే ఒకరి పని ఒకరికి తెలిసిన కొద్దిమంది మళ్లీ కలిశారు. చిన్న సినిమాకు డబ్బుకన్నా ముందు సమకూర్చుకోవలసిన పెట్టుబడి ఇలాంటి మనుషులే.

వాళ్లు సెట్ వేయడానికి బదులు కొంకణ్‌లోని తుంబాడ్ గ్రామానికి, సాస్వడ్‌లోని వాడా అనే పాత లోగిలి ఇంటికి వెళ్లారు. నిజమైన వానాకాలాల కోసం కాచుకున్నారు. తడిసిన రాతిగోడ, నాచు, చీకట్లో లాంతరు వెలుగు, ఇవన్నీ ఉన్నచోటికి కెమెరా వెళ్లింది. సినిమా పేరును శ్రీపాద్ నారాయణ్ పెండ్సే నవల 'తుంబాడ్‌చే ఖోత్' నుంచి తీసుకున్నారు. సంగీతం వీడియో గేమ్‌లకు పనిచేసిన డెన్మార్క్ సంగీతకారుడు జెస్పర్ కిడ్ చేశాడు. తారల వేటకు వెళ్లకుండా నటులను ఎలా వాడుకున్నారో చెప్పే ముచ్చట ఒకటుంది: మూడో భాగంలో కొడుకుగా కనిపించే మొహమ్మద్ సమద్ అనే కుర్రాడే మేకప్ వెనక ఆ ముసలమ్మ పాత్రనూ చేశాడు. తెర మీద చూసినవారు ఎవరూ పోల్చుకోలేరు.

మళ్లీ తీయడం

బర్వే మొదటి డ్రాఫ్ట్ 1997లో రాశాడు. 2009, 2010 మధ్య దాదాపు 700 పేజీల స్టోరీబోర్డ్ గీసుకున్నాడు. సినిమాకు ముందుకొచ్చిన సంస్థలు ఒకటి తర్వాత ఒకటి వెనక్కి తగ్గాయి. 2012లో షూటింగ్ జరిగింది. ఎడిటింగ్‌లో కూర్చుని చూసుకున్నాక, అనుకున్నది రాలేదని దర్శకుడికీ నిర్మాతకూ తెలిసిపోయింది. అక్కడ చాలామంది ఉన్నదాన్ని అతికించి విడుదల చేస్తారు. చేతిలోని డబ్బు అయిపోయిందన్నది చాలా బలమైన కారణం. వీళ్లు స్క్రిప్ట్‌ను తిరగరాసి మళ్లీ తీశారు. 2015లో షూటింగ్ పూర్తయింది. ఆ తర్వాత గ్రాఫిక్స్, శబ్దం పనులకు ఇంకా సమయం పట్టింది. నిర్మాణంలో స్వీడన్ సంస్థలు కూడా చేయి కలిపాయి.

ఇందులో నేర్చుకోవలసింది మొండితనం అనుకుంటే పొరపాటు. మొండితనం ఉన్నవాడు మొదట తీసినదాన్నే సమర్థించుకుంటాడు. తన పనిని తానే పరాయివాడిలా చూసి, బాగాలేదని ఒప్పుకోగలగడం అంతకన్నా కష్టం, అరుదు కూడా. అందుకు సాయపడేది ముందు రాసుకున్న ఆ ఒక్క వాక్యమే. రఫ్ కట్ చూసిన ప్రతిసారీ ఆ వాక్యాన్ని పక్కన పెట్టుకోవాలి. కథ విన్నరోజు కలిగిన భయం తెర మీద కలుగుతోందా లేదా అన్న ప్రశ్నకు అవును, కాదు అన్న రెండే జవాబులు. సీన్ ఎంత కష్టపడి తీసినా, ఎంత ఖర్చు పెట్టినా, జవాబు కాదు అయితే అది పోవాలి. శబ్దం వేయకముందు భయపెట్టని సీన్‌ను శబ్దం కాపాడుతుందని ఆశపడటం కూడా మానుకోవాలి.

2018లో వెనిస్ చిత్రోత్సవంలోని అంతర్జాతీయ విమర్శకుల వారం 'తుంబాడ్'తో మొదలైంది. ఆ విభాగానికి ప్రారంభ చిత్రంగా ఎంపికైన మొదటి భారతీయ సినిమా అదే. ఛాయాగ్రహణం, కళాదర్శకత్వం, సౌండ్ డిజైన్ విభాగాల్లో ఫిల్మ్‌ఫేర్ అవార్డులు వచ్చాయి. అయినా తొలి విడుదలలో వసూళ్లు అంతంతమాత్రమే. చూసినవారు చూడనివారికి చెబుతూ పోయారు, నాగ్‌ఝిరాలో ఒక స్నేహితుడు ఇంకో స్నేహితుడికి చెప్పినట్టే. 2024 సెప్టెంబర్ 13న సినిమాను మళ్లీ థియేటర్లలో విడుదల చేశారు. ఆరేళ్ల కిందటి మొదటి విడుదలకన్నా ఈసారే ఎక్కువ వసూలు చేసింది.